గాలం పట్టిన విశ్వాసి

మార్చి నెల మొదట్లో ఇంగ్లండులో చలి ఇంకా పూర్తిగా పోదు. చెట్లకు చిగుళ్లు అప్పుడప్పుడే కనబడుతుంటాయి. గట్ల మీద గడ్డి మంచుతో తడిసి ఉంటుంది. అయినా తెల్లవారేసరికి ఊళ్ల శివార్లలో ఉన్న చిన్న చిన్న చెరువుల పక్కన మడత కుర్చీలు వేసుకుని, ఉన్ని టోపీలు చెవుల దాకా లాక్కుని కొందరు కూర్చుంటారు. నీటి మీద తేలే బెండు వైపు చూస్తూ గంటలు గడిపేస్తారు. ఆ చెరువుల్లో చాలావరకు స్థానికంగా గాలం వేసేవారి క్లబ్బులవి. ఏడాదికి ఇంతని చందా కట్టిన సభ్యులు అక్కడ కూర్చోవచ్చు. రోచ్, బ్రీమ్, టెంచ్, పెర్చ్, మన దగ్గర బంగారుతీగ అని పిలిచే కార్ప్, ఇవీ వారికి దొరికే చేపలు. పట్టిన చేపను ఎక్కువమంది మళ్లీ నీళ్లలోకే వదిలేస్తారు.

సాల్మన్, ట్రౌట్ జాతులు కాని ఇలాంటి మంచినీటి చేపలన్నిటినీ అక్కడ కోర్స్ ఫిష్ అంటారు. అంటే ముతక రకం అన్నమాట. నదుల్లో వీటిని మార్చి 15 నుంచి జూన్ 15 వరకు పట్టకూడదు. అది గుడ్లు పెట్టే కాలం. 1995 నుంచి చాలా చెరువులకు ఆ నిషేధం తీసేశారు కనుక వసంతం తొలి రోజుల్లో గాలం పట్టాలనుకునే సామాన్యులకు ఈ క్లబ్బు చెరువులే దిక్కు.

ఆ గట్ల మీద కూర్చునేవారిలో చాలామందికి తెలిసిన పేరు ఒకటుంది. ఐజాక్ వాల్టన్. మన భాషలో చెప్పాలంటే ఇస్సాకు. చేపల వేట మీద ఆయన రాసిన ద కంప్లీట్ యాంగ్లర్ అనే పుస్తకం 1653 నుంచి ఇప్పటికి నాలుగు వందలకు పైగా ముద్రణలు పొందింది. మేము మాత్రం ఆయనను మొదట జాలరిగా ఎరుగము. వేదాంత కళాశాలలో సంఘ చరిత్ర చదువుకునే రోజుల్లో జార్జ్ హెర్బర్ట్, రిచర్డ్ హూకర్ వంటి దైవజనుల గురించి తెలుసుకోబోతే ప్రతిచోటా ఈయనే ఎదురయ్యారు. వారి జీవితాలను రాసిపెట్టినది ఈ మనిషే. ఆయన పాదిరి కాదు, పండితుడు కాదు, విశ్వవిద్యాలయం గడప తొక్కినవాడు కాదు. లండన్‌లో ఒక దుకాణదారు.

వాల్టన్ 1593లో స్టాఫర్డ్ పట్టణంలో పుట్టారు. ఆగస్టు 9న పుట్టినట్టు చెబుతారు, సెప్టెంబరు 21న బాప్తిస్మం జరిగింది. తండ్రి చిన్న మద్యపు అంగడి నడిపేవాడు. ఐజాక్‌కు నాలుగో ఏడు నడుస్తుండగా ఆయన చనిపోయాడు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. కుర్రవాడు లండన్ చేరి, బంధువైన ఒక వర్తకుని దగ్గర పని నేర్చుకున్నాడు. 1618లో ఇనుప వర్తకుల సంఘంలో సభ్యత్వం దొరికింది. పేరుకు ఆ సంఘమే గానీ అమ్మింది బట్టలని అంటారు. ఫ్లీట్ వీధిలో, ఛాన్సరీ లేన్ దగ్గర ఆయన దుకాణం ఉండేది.

ఆ వీధిలోనే సెయింట్ డన్‌స్టన్ అనే దేవాలయం ఉంది. 1624లో దానికి కాపరిగా వచ్చినవారు జాన్ డన్. ఆయన అప్పటికే సెయింట్ పాల్ కెథడ్రల్‌కు డీన్. యౌవనంలో లోకాన్ని చూసి, అందులో పడి లేచి, చివరికి ప్రభువు సేవకు వచ్చిన మహా ప్రసంగీకుడు, కవి. బట్టల వర్తకుడు ప్రతి ఆదివారం ఆయన ప్రసంగాలు విన్నాడు. విని ఊరుకోలేదు, స్నేహితుడయ్యాడు. సంఘంలో కుర్చీల్లో కూర్చుని వినేవారిలో ఎవరి మనసులో ఏ విత్తనం పడుతుందో కాపరికి తెలియదు. డన్ 1631 మార్చి 31న కన్నుమూశారు. ఆయన ప్రసంగాలను 1640లో అచ్చువేసేటప్పుడు ముందు మాటగా ఆయన జీవితాన్ని సర్ హెన్రీ వాటన్ అనే పెద్దమనిషి రాయవలసి ఉంది. వాటన్‌కు వివరాలు సేకరించి ఇచ్చే పని వాల్టన్ చేస్తున్నారు. 1639 డిసెంబరులో వాటన్ మరణించారు. ఇక రాసేవారు లేక, సరంజామా సేకరించిన దుకాణదారే కలం పట్టారు. అలా 46 ఏళ్ల వయసులో, అనుకోకుండా, రచయిత అయ్యారు.

ఆయన ఇంట్లో అప్పటికి ఏం జరుగుతోందో తెలిస్తేగానీ ఈ మనిషి అర్థం కాడు. 1626 డిసెంబరులో ఆయన రేచల్ ఫ్లడ్ అనే యువతిని పెళ్లాడారు. 1556లో ఆక్స్‌ఫర్డ్‌లో విశ్వాసం కోసం కాలిపోయిన ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్ వంశం ఆమెది. రేచల్ అంటే రాహేలు. తన పిల్లల కోసం ఏడ్చి ఓదార్పు పొందనొల్లని రాహేలును గురించి యిర్మీయా రాశాడు, హేరోదు బేత్లెహేము పసివాళ్లను చంపించిన చోట మత్తయి ఆ మాటను మళ్లీ గుర్తుచేశాడు. ఈ రాహేలుకు ఏడుగురు పిల్లలు పుట్టారు. ఒక్కరూ పెరిగి పెద్దవాళ్లు కాలేదు. 1640 ఆగస్టులో చివరి బిడ్డను కన్న కొన్నాళ్లకు ఆమె కూడా పోయింది. ఆ చివరి ఆడపిల్ల ఇంకో రెండేళ్లు బతికింది.

డన్ జీవిత చరిత్ర అచ్చయిన సంవత్సరం, భార్య పోయిన సంవత్సరం ఒకటే. కాపరిగా మేము ఎన్నో ఇళ్లలో చిన్న శవపేటికల ముందు నిలబడ్డాము. ఒక్క బిడ్డను పాతిపెట్టిన తండ్రి ముఖంలోకి చూడటానికే మాకు ధైర్యం చాలదు. ఏడుసార్లు ఆ దారిన నడిచి వచ్చిన తండ్రి తరువాత రాసిన పుస్తకం అంత ప్రసన్నంగా ఎలా ఉందో మాకు చాలాకాలం అంతుపట్టలేదు. దుఃఖం ఎరుగనివాడి చల్లదనమేమో అనుకునేవాళ్లం. ఆ పిల్లల లెక్క తెలిశాక ఆ పుస్తకాన్ని వేరే కళ్లతో చదివాము.

1642లో అంతర్యుద్ధం మొదలైంది. రాజు ఒక వైపు, పార్లమెంటు ఒక వైపు. ఇరుపక్షాలవారూ ప్రొటెస్టంట్లే, ఇరువురి చేతిలోనూ అదే బైబిలు. 1645లో ఆర్చిబిషప్ లాడ్ తల తీశారు. క్రాన్మర్ కూర్చిన ప్రార్థనా గ్రంథాన్ని అదే ఏడు నిషేధించారు. 1649 జనవరి 30న రాజు మొదటి చార్లెస్‌కూ అదే గతి పట్టింది. వాల్టన్ రాజు పక్షం, బిషప్పుల పక్షం. ఆయన ప్రేమించిన సంఘమంతా కళ్లముందే కూలిపోయింది. స్నేహితులైన పాదిరులు పదవులు పోగొట్టుకున్నారు, కొందరు చెరసాల పాలయ్యారు, కొందరు దేశం విడిచారు. ఆయన కూడా 1644 ప్రాంతంలో ఫ్లీట్ వీధిని వదిలిపెట్టారు.

ఈ చోట మాకు ఆదికాండము 26వ అధ్యాయంలోని ఇస్సాకు గుర్తుకొస్తాడు. తండ్రి బావులు పూడ్చేశారు. తవ్విన బావి మాదంటే మాదని గెరారు కాపరులు జగడమాడారు. ఇస్సాకు ఆ బావి వదిలి ఇంకోటి తవ్వించాడు. దానికీ జగడమే. అదీ వదిలి మూడోది తవ్వించాడు. ఏశెకు, శిత్నా, రహెబోతు. పోట్లాడలేని పిరికివాడని అతణ్ణి అనుకునేవారున్నారు. అయితే ప్రతిసారీ మళ్లీ పలుగు పట్టడం పిరికివాడి పని కాదు.

మన ఇస్సాకు వాల్టన్ 1647 ప్రాంతంలో ఆన్ కెన్ అనే ఆమెను రెండో పెళ్లి చేసుకున్నారు. 1648లో కూతురు పుట్టింది, తల్లి పేరే పెట్టారు. 1650లో కొడుకు పుట్టి కొద్ది కాలంలోనే పోయాడు. 1651లో ఇంకో కొడుకు. పోయినవాడికి పెట్టిన పేరే, తన పేరే, వీడికీ పెట్టారు. ఐజాక్. ఈసారి పిల్లవాడు బతికాడు. ఈ పుట్టుకలను ఆయన రాసి పెట్టుకున్నది తన ప్రార్థనా గ్రంథంలోనే. మన ఇళ్లలో కుటుంబ బైబిలు ఖాళీ పేజీల్లో తాతలు పిల్లల పుట్టిన తేదీలు, బాప్తిస్మపు తేదీలు రాసి ఉంచినట్టే. తేడా ఏమిటంటే, ఆయన పేర్లు రాసుకున్న పుస్తకాన్ని ఆరాధనలో వాడటం అప్పట్లో నేరం.

ఆయన వట్టి ప్రేక్షకుడు కూడా కాదు. 1651 సెప్టెంబరు 3న వూస్టర్ యుద్ధంలో రెండో చార్లెస్ ఓడి పారిపోయినప్పుడు రాజుగారి ఒక పతకం వెనుక ఉండిపోయింది. చేతులు మారి అది వాల్టన్ దగ్గరికి వచ్చింది. దొరికితే ప్రాణానికే ముప్పు. ఆయన దాన్ని రహస్యంగా లండన్ తీసుకువెళ్లి, టవర్‌లో బందీగా ఉన్న కర్నల్ బ్లేగ్‌కు అందేలా చేశారు. బ్లేగ్ తప్పించుకుని దాన్ని రాజుకు చేర్చాడు. 58 ఏళ్ల బట్టల వర్తకుడు చేసిన సాహసం ఇది. తన పుస్తకంలో దీని గురించి ఒక్క మాట లేదు.

1653 ఏప్రిల్ 20న క్రామ్‌వెల్ సైనికులతో పార్లమెంటును ఖాళీ చేయించాడు. కొద్ది వారాలకు సెయింట్ డన్‌స్టన్ దేవాలయ ఆవరణలో ఉన్న ఒక పుస్తకాల అంగడిలో 18 పెన్నీల చిన్న పుస్తకం అమ్మకానికి వచ్చింది. దేశమంతా కత్తులు, కరపత్రాలు. ఈ పుస్తకంలో మాత్రం మే నెల ఉదయాన లండన్ ఉత్తరాన టోటెన్‌హామ్ కొండ ఎక్కి లీ నది వైపు నడిచి వెళ్లే బాటసారులు, వారి కబుర్లు. అట్ట తీయగానే పేరు పేజీ మీద యోహాను సువార్త 21వ అధ్యాయం 3వ వచనం. పేతురు చేపలు పట్టబోతున్నానని చెబితే మిగతా శిష్యులు తామూ వస్తామన్న చోటు.

ఆ వచనం ఎంచుకోవడంలో ఆయన మనసు కనిపిస్తుందని మా నమ్మకం. ఆ రోజు శిష్యులు సంతోషంగా చెరువు గట్టుకు వెళ్లినవారు కారు. గురువును సిలువ వేయడం చూశారు. తిరిగి లేచాడని తెలుసు, అయినా ఇక ఏం చేయాలో తెలియదు. పేతురుకైతే తాను మూడుసార్లు ఎరుగనన్న మాట ఇంకా గుండెలో గుచ్చుకుంటూనే ఉంది. చేతులకు తెలిసిన పని ఒకటుంది, దానికి వెళ్లారు. రాత్రంతా ఏమీ దొరకలేదు. తెల్లవారాక ప్రభువు ఒడ్డున ఉన్నాడు, నిప్పులు రాజేసి, చేప కాల్చి, రొట్టె సిద్ధం చేసి. సర్వం పోగొట్టుకున్నవారు చేపల వేటకు వెళ్లిన కథ అది. దాన్నే వాల్టన్ తన పుస్తకం నుదుటి మీద రాసుకున్నారు.

పుస్తకం లోపల చేపల విషయం నిజంగానే చేపల విషయమే. ప్రతి చేపకూ ఒక అధ్యాయం. ముందుగా అందరూ చిన్నచూపు చూసే చబ్ అనే ముతక చేపను పట్టిస్తారు. ముళ్లెక్కువ, మాంసం చప్పన, ఎవరూ ఇష్టపడరు. వాల్టన్ దాన్ని సత్రానికి తీసుకెళ్లి, పట్టిన రోజే వండాలని, గొంతులో ఇరుక్కున్న గడ్డి, నాచు శుభ్రంగా కడగాలని, కడుపులో సువాసన ఆకులు కూరి, వెన్న, ఉప్పు, పులుపు పూస్తూ నిప్పుల మీద కాల్చాలని ఓపికగా నేర్పుతారు. వంట తెలియకే జనం ఆ చేపను నిందిస్తున్నారని ఆయన అభిప్రాయం. మార్చి, ఏప్రిల్ నెలల్లో దానికి వానపాము ఎర వేయాలి, ఎండలు వచ్చాక ఈగలు, పురుగులు, చెర్రీ పండ్లు కూడా పనికొస్తాయి. కార్ప్ కోసం కూర్చునేవాడికి మాత్రం మామూలు ఓర్పు చాలదంటారు. మంచి నేర్పరి ఒకడు రోజుకు నాలుగు నుంచి ఆరు గంటల చొప్పున మూడు నాలుగు రోజులు కూర్చున్నా నదిలో ఒక్క కార్ప్ కూడా ఎర ముట్టలేదని ఆయనే చెబుతారు. చేపల చెరువులు ఎలా తవ్వాలో కూడా ఒక అధ్యాయం ఉంది. చేపలకు ఎండకూ చలికీ దాక్కునే చోటు, గట్ల కింద డొల్లలు, చెట్ల వేళ్లు ఉండాలంటారు. మా చిన్నతనంలో ఊరి చెరువు గట్టున తుమ్మ చెట్టు వేళ్ల కింద కొర్రమీను దాక్కునే చోటు మాకూ తెలుసు కాబట్టి ఆ పేజీలు చదువుతూ నవ్వుకున్నాము.

అన్నీ ఆయన సొంత కనుగోళ్లు కావు. 1577 నాటి ఒక చిన్న చేపల పుస్తకం 1954లో బయటపడింది. అందులోనూ ఇలాంటి సంభాషణే, పాత్రల పేర్లు కూడా అవే. వాల్టన్ దాన్ని చదివి వాడుకున్నారనడంలో సందేహం లేదు. దాన్ని రాసినవాడు ఒక గ్రామ పాదిరి అని పండితుల అభిప్రాయం.

ఆ పుస్తకంలో మాకు అన్నిటికంటే విలువైనదిగా తోచే చోటు వసంతానికి సంబంధించినది. మార్చి, ఏప్రిల్, మే నెలలు చేపలను ముట్టకూడని నెలలని వాల్టన్ వాదిస్తారు. ఇంగ్లండు పాత రాజులు సాల్మన్‌ను కాపాడటానికి చేసిన చట్టాలను గుర్తుచేస్తారు, అవి కాగితం మీదే మిగిలాయని బాధపడతారు. చట్టం దగ్గర ఆగక ధర్మశాస్త్రం దగ్గరికి వెళ్తారు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో, గూటిలో గుడ్ల మీద గానీ పిల్లల మీద గానీ పొదిగి ఉన్న తల్లి పక్షిని పట్టవద్దని దేవుడు ఆజ్ఞ ఇచ్చాడు. గుడ్లు పెట్టే చేపను పట్టడం ఆ తల్లి పక్షిని పట్టడంతో సమానమని, అది ప్రకృతికే విరుద్ధమైన పాపమని ఆయన తేల్చారు. ఇంగ్లండులో ముతక చేపలకు కూడా విరామ కాలం చట్టంగా వచ్చింది 1878లో. ఆయన రాసిన 225 ఏళ్లకు.

ఈ మాట మన తీరప్రాంత సంఘాలకు కొత్తగా చెప్పక్కరలేదు. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. కారణం అదే, సముద్రంలో చేపలు గుడ్లు పెట్టే కాలం. అక్కడి నదులకు, మన సముద్రానికి నిషేధం ముగిసే తేదీలో ఒక్క రోజే తేడా. కాకపోతే ఇంగ్లండు చెరువు గట్టున కూర్చునేవాడికి ఆ విరామం ఒక సరదా వాయిదా పడటం మాత్రమే. మన మత్స్యకారుల ఇళ్లలో ఆ రెండు నెలలు పొయ్యి మీద ఏం పెట్టాలన్నది ప్రశ్న. తల్లి చేపను విడిచిపెట్టమన్న ఆజ్ఞను పాటించే భారం ఎప్పుడూ పేదవాడి మీదే ఎక్కువ పడుతుంది. వాల్టన్ ఈ కోణం చూడలేదు. ఆయన పుస్తకంలో వల వేసి బతికేవారి మీద చిరాకే తప్ప జాలి తక్కువ. మనం మాత్రం చూడకుండా ఉండలేము.

పుస్తకం తరువాతి ముద్రణలు పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయం 11వ వచనంతో ముగుస్తాయి. నెమ్మదిగా బతకడం, ఎవరి పని వారు చూసుకోవడం, చేతులతో కష్టపడటం, ఇవీ అందులోని సంగతులు. పౌలు అక్కడ వాడిన గ్రీకు మాటకు ఘనత కోసం తహతహలాడటం అనే అర్థం ఉంది. జనం పదవుల కోసం, పేరు కోసం పడే ఆరాటాన్నంతా నెమ్మది కోసం పడమని అపొస్తలుడు చెబుతున్నాడు. అంటే అది కొందరికి పుట్టుకతో వచ్చే స్వభావం కాదు, నేర్చుకోవలసిన పాఠం. ఎనిమిదిమంది పిల్లలను, ఒక రాజును, ఒక సంఘాన్ని పోగొట్టుకున్న మనిషి ఆ పాఠాన్ని గాలపు కర్ర పట్టుకుని నేర్చుకున్నాడు.

అయితే ఆ నెమ్మదికి ఒక హద్దు కూడా ఉందని చెప్పకపోతే పాఠకులకు అన్యాయం చేసినవాళ్లమవుతాము. 1660లో రాజరికం తిరిగొచ్చింది. వాల్టన్ స్నేహితుడు జార్జ్ మోర్లీ వూస్టర్‌కు, 1662లో వించెస్టర్‌కు బిషప్పయ్యారు. వాల్టన్ ఆయన ఇంట ఆశ్రయం పొంది సుఖంగా ఉన్నారు. అదే కాలంలో, ప్రార్థనా గ్రంథానికి ఒప్పుకోనందుకు దాదాపు రెండు వేలమంది సేవకులు తమ సంఘాలు పోగొట్టుకున్నారు. అనుమతి లేకుండా సువార్త చెప్పినందుకు జాన్ బన్యన్ 12 ఏళ్లు జైల్లో మగ్గాడు. మన తెలుగు సంఘాల్లో బాప్టిస్టులు, లండన్ మిషన్ వారి బిడ్డలు ఆ తిరస్కృతుల వారసులు. సి.ఎస్.ఐ. సంఘంలో ఆ రెండు పాయలూ 1947లో కలిశాయి. ఒకప్పుడు తన ప్రార్థనా గ్రంథం నిషేధానికి గురైతే బాధపడిన వాల్టన్, ఎదుటివాడి ప్రార్థన నిషేధానికి గురైనప్పుడు ఏమీ అనలేదు. ఆ మౌనం మాకు ఇప్పటికీ కొంచెం గుచ్చుకుంటుంది.

ఇంకో తప్పు కూడా ఉంది. వృద్ధాప్యంలో ఆయన రాసిన జీవితాల్లో 1665లో వచ్చిన హూకర్ చరిత్ర ఒకటి. హూకర్ భార్య జోన్‌ను అందులో గయ్యాళిగా చిత్రించారు. అమాయకుడైన పండితుణ్ణి మోసగించి ఆమెను అంటగట్టారని, చూడవచ్చిన శిష్యుల ముందే ఆమె ఆయనను ఊయల ఊపమని పిలిచిందని రాశారు. పాదిరుల ఇళ్లలో ఈ కథ తరతరాలుగా నవ్వుతూ చెప్పుకున్నారు. 1940లో సిసన్ అనే పరిశోధకుడు పాత కోర్టు కాగితాలు తిరగేస్తే, ఆమె గౌరవప్రదమైన లండన్ వర్తకుని కూతురని, హూకర్‌కు ఆ కుటుంబం ఎంతో అండగా నిలిచిందని తేలింది. మూడు వందల ఏళ్లపాటు ఒక పాదిరి భార్య చేయని తప్పుకు నవ్వులపాలైంది. వాల్టన్ కావాలని అబద్ధమాడలేదు, విన్నది నమ్మి రాశారు. సంఘంలో కాపరి భార్యల మీద పుట్టే మాటలు కూడా చాలావరకు అలాంటివే.

1670లో హెర్బర్ట్ చరిత్ర వచ్చింది. పెద్ద కుటుంబంలో పుట్టి, రాజాస్థానపు ఆశలు వదులుకుని, బెమర్టన్ అనే చిన్న గ్రామంలో మూడేళ్లు కాపరిగా పనిచేసి చనిపోయిన కవి ఆయన. ఆయన్ను లోకం ఈనాటికీ వాల్టన్ గీసిన రూపంలోనే చూస్తోంది. 1678లో బిషప్ శాండర్సన్ చరిత్ర రాసేనాటికి వాల్టన్‌కు 85వ ఏడు నడుస్తోంది.

రెండో భార్య ఆన్ 1662 ఏప్రిల్‌లో పోయింది. వూస్టర్ కెథడ్రల్‌లో ఆమె సమాధి ఉంది. ఆమె తమ్ముడు థామస్ కెన్ చిన్నప్పుడే తల్లిదండ్రులను పోగొట్టుకుని ఈ దంపతుల నీడన పెరిగినవాడు. ఆయనే తరువాత బిషప్పయ్యారు. తండ్రి కుమార పరిశుద్ధాత్మలను స్తుతిస్తూ ప్రపంచమంతటా ప్రొటెస్టంట్ సంఘాలు పాడే ఆ నాలుగు చరణాల స్తుతి, వించెస్టర్ బడి పిల్లల కోసం ఆయన రాసిన కీర్తనల చివరి భాగం. ఆ ఇంట్లో అన్ని ఊయలలు ఖాళీ అయ్యాక వచ్చి చేరిన తల్లిలేని పిల్లవాడి నోట వచ్చిన పాట అది.

ముసలితనంలో ఆయనకు దొరికిన స్నేహితుడు చార్లెస్ కాటన్. ఈయన కంటే 37 ఏళ్లు చిన్న, అప్పుల్లో మునిగిన కవి, లోకరీతి మనిషి. భక్తిపరుడైన వాల్టన్‌కు అతనితో ఏం పని అని ఆశ్చర్యపోయినవారున్నారు. కాటన్ 1674లో డవ్ నది ఒడ్డున చేపల వేట కోసం చిన్న రాతి గది కట్టించి, గుమ్మం మీద ఇద్దరి పేర్ల తొలి అక్షరాలు ఒకదానిలో ఒకటి పెనవేసి చెక్కించాడు. ఆ గది ఇప్పటికీ ఉంది. 1676 ముద్రణలో ఈకల ఎరతో ట్రౌట్ పట్టే భాగం రాసినది అతడే. తనకు సరిగా రాని విద్య అది అని వాల్టన్‌కు తెలుసు, కుర్రవాడికి వదిలేశారు.

1683 డిసెంబరు 15న, వించెస్టర్‌లో అల్లుడి ఇంట వాల్టన్ ప్రభువునందు నిద్రించారు. వయసు 90. థేమ్స్ నది గడ్డకట్టి, దాని మీద అంగళ్లు వెలిసిన మహా చలికాలం అది. వించెస్టర్ కెథడ్రల్‌లో ఒక చిన్న ప్రార్థనా మందిరంలో ఆయనను పాతిపెట్టారు. అక్కడి గాజు కిటికీని 1914లో ఇంగ్లండు, అమెరికాల గాలగాళ్లు చందాలు వేసుకుని పెట్టించారు. అందులో ఆయన నది ఒడ్డున చెట్టు కింద పుస్తకం చదువుతూ కూర్చుని ఉంటారు.

ఆ ఏడు ఆగస్టు 9న, అంటే తన 90వ పుట్టినరోజున, ఆయన వీలునామా రాయడం మొదలుపెట్టారు. స్టాఫర్డ్ దగ్గర షాలోఫర్డ్‌లో ఉన్న పొలాన్ని, కొన్ని షరతుల మీద, పుట్టిన ఊరి పేదలకు ఇచ్చారు. దాని ఆదాయంతో ఏటా ఇద్దరు పేద పిల్లలను వృత్తి నేర్చుకోవడానికి పెట్టాలి. ఒక పనిపిల్లకు గానీ పేదవాడి కూతురికి గానీ పెళ్లికి సాయం చేయాలి. మిగిలిన డబ్బుతో పేదలకు బొగ్గు కొనాలి. ఆ బొగ్గు ఎప్పుడు పంచాలో కూడా రాశారు. క్రిస్మస్‌కు కాదు. జనవరి చివరి వారంలో గానీ ఫిబ్రవరి మొదటి వారంలో గానీ పంచాలి. పండుగ అయిపోయి, ఇంట్లో నిల్వలు అడుగంటి, వసంతం ఇంకా రాని ఆ రోజులే పేదలకు అన్నిటికంటే కష్టమైనవని కారణం కూడా రాసిపెట్టారు.